ఎం416 మిలిటరీ ట్రైలర్: తుక్కు బండిని క్యాంపింగ్ బండిగా మార్చే పద్ధతి

పాత మిలిటరీ ట్రైలర్ చూడ్డానికి వెళ్లేటప్పుడు ఒక చిన్న సుత్తి, ఒక టార్చిలైటు, కింద పరుచుకుని పడుకోవడానికి ఒక అట్టముక్క వెంట తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు పైన కొత్త రంగు కొట్టి నిలబెడతారు, మనం చూడాల్సినదంతా కింద ఉంటుంది. నేను డాలస్ దగ్గర ఒక ఎం416 కొన్నప్పుడు సుత్తి లేకుండా వెళ్లాను. ఇంటికి తెచ్చి తొట్టి అడుగు గీకితే పచ్చరంగు కింద ఫైబర్‌గ్లాస్ అతుకు బయటపడింది. అతుకు ఊడదీస్తే అరచెయ్యి పట్టేంత కన్నం.

అమెరికాలో ఉంటూ, జీపో టయోటా ఫోర్‌రన్నరో లాంటి బండి ఉండి, మట్టిరోడ్ల మీద అడవిలోకి వెళ్లి రెండు మూడు రాత్రులు గడపాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పని వరస ఒక్కటే: కింద నుంచి పైకి. చక్రాలు, ఇరుసు, చట్రం, నొగ, లైట్లు, తొట్టి, రంగు. టెంటు అన్నిటికన్నా ఆఖరున. చాలామంది టెంటు కొని, రంగు వేసి, చివరికి బేరింగుల దగ్గరికి వస్తారు. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయి ఉంటాయి.

ఎం416 ఎందుకు

రెండో ప్రపంచయుద్ధంలో జీపు వెనక కట్టే పావుటన్ను ట్రైలర్‌తో ఈ వంశం మొదలైంది. 1940లో మొదటి జీపు నమూనా చేసి ఇచ్చింది పెన్సిల్వేనియాలోని బట్లర్ ఊళ్లో ఉన్న అమెరికన్ బాంటమ్ కంపెనీ. కానీ జీపుల పెద్ద ఆర్డర్లు విల్లిస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి. బాంటమ్‌కి మిగిలిన పనుల్లో ఈ ట్రైలర్లు ఒకటి. యుద్ధం తర్వాత ఎం38 జీపు కోసం ఎం100 వచ్చింది. 1960లలో ఎం151 జీపు వచ్చాక దాని వెనక కట్టడానికి చేసింది ఎం416.

ఎం416 ఖాళీ బరువు దాదాపు 580 పౌండ్లు, అంటే 260 కిలోల పైమాట. ఇద్దరు మనుషులు చేత్తో తిప్పి నిలబెట్టగలరు. నొగతో కలిపి పొడవు 9 అడుగులు, వెడల్పు 5 అడుగులు. తొట్టి నీళ్లు జొరబడని రకం, అడుగున బిరడాలు ఉంటాయి. మోయగలిగిన బరువు తారురోడ్డు మీద 750 పౌండ్లు, మట్టిదారిలో 500. ఈ 500 అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇంతకన్నా పెద్దది కావాలంటే ముప్పావుటన్ను ఎం101 ఉంది. నలుగురైదుగురు వెళ్లే కుటుంబానికి అది బాగుంటుంది గానీ, ఇరుకు దారుల్లో దాన్ని తిప్పడం ఒక శిక్ష. ఇద్దరు ముగ్గురికి నా ఓటు ఎం416కే.

కొనేముందు

అట్టముక్క పరిచి కిందికి దూరండి. చట్రాన్ని సుత్తితో అడుగడుగుకీ మెల్లగా కొట్టండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది, లోపల మట్టి నిండినది డొప్పగా చప్పుడు చేస్తుంది. కమాన్ పట్టీలు చట్రానికి తగిలే బ్రాకెట్ల దగ్గర, నొగ చట్రంలో కలిసేచోట, తొట్టి మూలల్లో ఎక్కువసేపు చూడండి. బ్రాకెట్ దగ్గర పగులు ఉంటే ధర సగానికి అడగండి, లేదా వదిలేయండి. తొట్టి రేకు కన్నాలు అంత భయపడాల్సినవి కావు, వెల్డింగ్‌తో పోతాయి.

తర్వాత డేటా ప్లేట్. చిన్న లోహపు పలక మీద సీరియల్ నంబరు, బరువు అచ్చొత్తి ఉంటాయి. అది ఊడిపోయి ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర టెన్షన్ మొదలవుతుంది. ప్రభుత్వ వేలంలో నేరుగా కొంటే ఎస్ఎఫ్97 అనే సర్టిఫికెట్ ఇస్తారు, దాంతో టైటిల్, అంటే బండి మీదే అని చెప్పే కాగితం, తెచ్చుకోవచ్చు. చేతులు మారి వచ్చిన బండికి కనీసం సంతకం చేసిన అమ్మకపు కాగితం తీసుకోండి. రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మా టెక్సస్‌లో మొత్తం బరువు 4,000 పౌండ్లు దాటని ట్రైలర్‌కి టైటిల్ తప్పనిసరి కాదు, రిజిస్ట్రేషన్ మాత్రం ఉండాలి. డబ్బు ఇవ్వకముందే మీ కౌంటీ ఆఫీసులో ఒక మాట అడగండి.

గీకడానికి ముందు: ఆ రంగులో ఏముందో తెలుసుకోండి

ఈ ఒక్క విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. మిలిటరీ పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. 1980ల నుంచి రసాయన దాడులకు తట్టుకునే కార్క్ అనే రంగు వాడారు. దాని ప్రైమర్లలో, రంగు పొడుల్లో క్రోమియం ఉండే అవకాశం ఉంది. ఆరు దశాబ్దాల బండి మీద ఇవన్నీ పొరలు పొరలుగా ఉంటాయి. నా బండి అంచు దగ్గర బ్లేడుతో గీకితే పచ్చ మీద గోధుమ, దాని మీద నలుపు, మళ్లీ పచ్చ కనిపించాయి. అంటే మిలిటరీ బండ్లకి ఈ మూడు రంగుల మచ్చలు వేసిన ఎనభైల కాలం చూసిన బండి.

కాబట్టి పొడి గ్రైండింగ్ వద్దు. తడిపి గీకండి, లేదా జెల్లీ లాంటి పెయింట్ రిమూవర్ రాసి తీయండి. గ్రైండర్ తప్పనిసరి అయినచోట సన్నటి ధూళిని ఆపే పీ100 ఫిల్టర్లు ఉన్న రెస్పిరేటర్ పెట్టుకోవాలి, గుడ్డమాస్కు పనికిరాదు. రంగు ఉన్న ఇనుము మీద వెల్డింగ్ చేయకండి. కాలిన పెయింట్ పొగ మరీ చెడ్డది, చుట్టూ రెండుమూడు అంగుళాలు ఇనుము మెరిసేదాకా శుభ్రం చేశాకే టార్చ్ వెలిగించాలి. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి పిల్లల్ని ఎత్తుకోవద్దు. అన్నిటికన్నా తేలిక మార్గం, తొట్టినీ చట్రాన్నీ విడదీసి శాండ్‌బ్లాస్టింగ్ షాపుకి ఇవ్వడం. పాత మిలిటరీ రంగు అని ముందే చెప్పండి. నేను చట్రం అలాగే చేయించాను, ఖర్చు నొప్పి రెండోరోజుకి మర్చిపోయాను.

చక్రాలు, ఇరుసు

ఇక్కడ తొందరపడకండి. అడవిలో సెల్ సిగ్నల్ లేనిచోట ట్రైలర్ ఆగిందంటే, పదిసార్లలో తొమ్మిదిసార్లు కారణం బేరింగో టైరో అయి ఉంటుంది.

మొదట టైర్లు. పైగాట్లు అరగకపోయినా తేదీ చూడండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల కోడ్ ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. పదేళ్లు దాటినవి ఎంత కొత్తగా కనిపించినా పారేయండి. అసలు మిలిటరీ టైరు 7.00-16, రెండువైపులా ఒకే గళ్ల నమూనా. ఫొటోకి అదిరిపోతుంది. వాన పడిన తారురోడ్డు మీద జారుతుంది.

చక్రాన్ని బిగించే అసలు హబ్‌కి ఐదు బోల్టులు, ఐదున్నర అంగుళాల వృత్తంలో ఉంటాయి. మన దగ్గరి మారుతీ జిప్సీకీ ఇదే కొలత. ఇక్కడి జీప్ రాంగ్లర్ జేకే, జేఎల్ మోడళ్లకి ఐదు బోల్టులే గానీ ఐదు అంగుళాల వృత్తం, ఫోర్‌రన్నర్‌కి ఆరు బోల్టులు. లాగే బండి చక్రమూ ట్రైలర్ చక్రమూ ఒకటే అయితే ఒకే స్టెప్నీ రెండిటికీ సరిపోతుంది. అందుకోసం చాలామంది అసలు ఇరుసు తీసేసి, కావలసిన బోల్టుల హబ్‌తో 3,500 పౌండ్ల మార్కెట్ ఇరుసు వేసుకుంటారు. నేనూ అదే చేశాను. మొదటిసారి తప్పు చేశాను.

ఇరుసు ఆర్డర్ ఇవ్వడానికి రెండు కొలతలు కావాలి. ఒకటి, ఎడమ హబ్ ముఖం నుంచి కుడి హబ్ ముఖానికి దూరం. రెండు, కమాన్ పట్టీల మధ్యగీతల దూరం. నేను పాత ఇరుసు మీద టేపు పెట్టి అవే రెండు అంకెలు రాసి పంపాను. కొత్త ఇరుసు వచ్చింది, బిగించాను, ఫోర్‌రన్నర్ చక్రం ఎక్కించి తిప్పితే టైరు పక్కగోడ కమాన్‌ని రాస్తోంది. కారణం ఆఫ్‌సెట్. ఫోర్‌రన్నర్ చక్రంలో బోల్టులు బిగిసే పళ్లెం మధ్యగీతకి బయటివైపు ఉంటుంది, అందువల్ల టైరు లోపలికి జరుగుతుంది. ముందు మీరు వాడబోయే చక్రాన్ని నేలమీద పడుకోబెట్టండి. పళ్లెం నుంచి టైరు లోపలి అంచు వరకు ఎంతో కొలవండి. కమాన్‌కీ టైరుకీ మధ్య కనీసం రెండు అంగుళాల ఖాళీ వచ్చేలా లెక్కవేసి, ఆ తర్వాత ఇరుసు కొలత రాయండి. నా మొదటి ఇరుసు ఇంకా గరాజ్ మూలన నిలబడి ఉంది. మా ఆవిడ దాని మీద తడి తువ్వాళ్లు ఆరేస్తుంది.

కొత్త ఇరుసు గొట్టానికి మధ్యలో కొంచెం వంపు ఉంటుంది. ఆ వంపు పైకి ఉండాలి. యూ బోల్టులు పాతవి మళ్లీ వాడొద్దు.

ఇరుసు పాతదైనా కొత్తదైనా బేరింగులకు కందెన మీ చేత్తో పెట్టండి. కొత్త ఇరుసుతో వచ్చిన గ్రీజు సరిపోయిందో లేదో విప్పి చూడందే తెలీదు. బండిని జాకీ ఎక్కించి స్టాండ్ల మీద ఆనించండి. హబ్ మూత తీసి, నట్టు ఊడకుండా ఆపే కాటర్ పిన్ను లాగి, గాట్ల నట్టు, వాషర్ తీస్తే బయటి బేరింగ్ చేతిలోకి వస్తుంది. హబ్ లాగితే వెనక సీలు, లోపలి బేరింగ్ కనిపిస్తాయి. అంతా కిరోసిన్‌తోనో బ్రేక్ క్లీనర్‌తోనో కడగండి. రోలర్ల మీద నీలిరంగు కనిపిస్తే అది వేడెక్కిన బేరింగ్. గుంటలు ఉంటే, వేలితో తిప్పినప్పుడు గరగరలాడితే అదీ అంతే. మార్చాల్సిందే. బేరింగ్‌తో పాటు హబ్‌లో అది కూర్చునే ఉక్కు రింగునీ, అంటే రేసునీ మార్చాలి, ఒకటి కొత్తది ఒకటి పాతది కలపకూడదు. 3,500 పౌండ్ల ఇరుసులకి మామూలుగా లోపల ఎల్68149, బయట ఎల్44649 బేరింగులు వస్తాయి. రెండేసి అదనంగా కొని, సీళ్లతో సహా ట్రైలర్‌లో పెట్టుకోండి.

గ్రీజు పెట్టడానికి యంత్రం అక్కర్లేదు. ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు వేసుకోండి. బేరింగ్ వెడల్పు వైపు అంచుని అరచేతికి ఆనించి, ముద్దని తోస్తున్నట్టు ఒత్తి లాగండి. ఏడెనిమిది సార్లు ఒత్తేసరికి అవతలి వైపు రోలర్ల మధ్యనుంచి సన్నటి పురుగుల్లా గ్రీజు బయటికొస్తుంది. అప్పుడు కొంచెం తిప్పి పక్క భాగం. చుట్టూ అలా బయటికొచ్చేవరకు చేయాలి. పైపైన పూస్తే అది కందెన కాదు, అలంకారం.

బిగింపు ఇలా: హబ్‌ని చేత్తో తిప్పుతూ నట్టుని 50 ఫుట్‌పౌండ్ల దాకా బిగించండి, బేరింగ్ సర్దుకుంటుంది. తర్వాత హబ్ తిరక్కుండా నట్టు పూర్తిగా వదులు చేయండి. మళ్లీ వేళ్లతో మాత్రమే, ఆనేదాకా తిప్పండి. కాటర్ పిన్ను కన్నం కలవకపోతే వదులు వైపుకే జరపండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే ఉందా లేదా అన్నట్టు కదలిక ఉండాలి. పానా పట్టుకుంటే గట్టిగా బిగించాలనిపిస్తుంది. ఇక్కడ మాత్రం వద్దు.

కమాన్లు, చట్రం

కమాన్ పట్టీల్లో ఒక్కటి విరిగినా కట్ట మొత్తం మార్చండి. బుష్‌లు ఎలాగూ కొత్తవి వేయాలి. మరీ ఎక్కువ పట్టీలున్న బరువైన కట్ట వేస్తే ఖాళీ బండి గుంటల్లో బంతిలా ఎగురుతుంది. చట్రంలో పగుళ్లుంటే వెల్డింగ్ తెలిసినవాళ్లతోనే చేయించండి, యూట్యూబ్ చూసి నేర్చుకునే చోటు ఇది కాదు. చట్రానికి ఇప్పుడే ఎపాక్సీ ప్రైమర్ కొట్టేయాలి, తొట్టి ఎక్కాక చెయ్యి దూరదు.

నొగ, కొక్కెం

ఎడ్లబండికి నొగ ఎలాగో దీనికి ముందు చట్రం అలాగ. దాని కొసన లూనెట్ అనే ఉక్కు రింగు ఉంటుంది. లాగే బండికి పింటిల్ అనే దవడ కొక్కెం బిగిస్తే రింగు అందులో పడుతుంది. మామూలు రెండంగుళాల బంతి కప్లర్ తారురోడ్డుకి చాలు. కానీ గుట్టదారిలో బండి ఒకవైపు, ట్రైలర్ ఇంకోవైపు ఒరిగినప్పుడు దానికి తిరిగే చోటు చాలదు. లూనెట్ రింగు దాని ఇరుసు మీద చుట్టూ తిరుగుతుంది. ట్రైలర్ పల్టీ కొట్టినా బండిని పట్టుకుని లాగదు.

దాని లోపం చప్పుడు. రింగుకీ కొక్కేనికీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి బ్రేకు వేసిన ప్రతిసారీ టంగుమంటుంది. నాకు అలవాటైపోయింది. భరించలేనివాళ్లు మూడువైపులా తిరిగే ఆధునిక కప్లర్లు వేసుకోవచ్చు, ధర ఎక్కువ. సేఫ్టీ గొలుసులు రెండూ నొగ కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి పోయేలా తగిలించండి. కొక్కెం ఊడితే నొగ నేలని కుమ్మకుండా ఆ ఉయ్యాల పట్టుకుంటుంది.

లైట్లు

మిలిటరీ వైరింగు 24 వోల్టులు, మన బండ్లు 12. పాత వైర్లని కాపాడే ప్రయత్నం చేయకండి, పూర్తిగా పీకేయండి. అసలు దీపాల గూళ్లు మాత్రం ఉంచి లోపల 12 వోల్టుల ఎల్ఈడీలు పెట్టుకోవచ్చు. నాలుగు తీగల మామూలు ప్లగ్‌లో తెలుపు ఎర్త్, గోధుమరంగు టెయిల్ లైటు, పసుపు ఎడమ, పచ్చ కుడి. వెలిగీ వెలగని ట్రైలర్ లైట్ల రోగానికి నూటికి తొంభైపాళ్లు ఎర్తే కారణం. చట్రాన్ని నమ్ముకోకుండా ప్రతి దీపం నుంచీ తెల్లతీగ వేరుగా ప్లగ్ దాకా లాగండి. జాయింట్లకి వేడిచేస్తే ముడుచుకునే గొట్టాలు వాడండి. టేపు చుట్టింది మొదటి వాగు దాటేదాకే. నంబర్ ప్లేట్ లైటు మర్చిపోకండి, రాత్రిపూట ఆపడానికి అదొక్కటి చాలు.

తొట్టి, రంగు

కన్నాలని నలుచదరంగా కోసి, 14 గేజి రేకు ముక్క అతికించండి. ఒకేచోట గీతలా వెల్డ్ చేస్తే రేకు వంగిపోతుంది. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క ఎదురుమూలన పెట్టుకుంటూ పోవాలి. బిరడాల రంధ్రాలు మూసేయొద్దు. అవి ఎందుకున్నాయో చూడండి: ఆరడుగులు, మూడున్నర అడుగుల తొట్టిలో ఒక్క అంగుళం వాననీళ్లు నిలిస్తే బరువు వంద పౌండ్లు దాటుతుంది. ఇంటి దగ్గర నిలిపినప్పుడు బిరడాలు తీసి ఉంచండి. వాగు దాటేటప్పుడే పెట్టుకోవాలి.

లోపలికి రోలర్‌తో పూసే బెడ్‌లైనర్, గీతలకి తట్టుకునే మందపాటి పూత. బయటికి మిలిటరీ పచ్చ కావాలంటే ఎఫ్ఎస్ 24087 అని అడగండి, అది అమెరికా ప్రభుత్వ రంగుల పట్టీలోని నంబరు. అంకెల్లో మొదటిది మెరుపు చెబుతుంది: 1 అయితే నిగనిగ, 2 అయితే సగం మెరుపు, 3 అయితే మెరుపే లేనిది. చాలామంది 34087 వేస్తారు, చూడ్డానికి బాగుంటుంది. నూనె చెయ్యి తగిలిందంటే మాత్రం మచ్చ పోదు. ఆవకాయ జాడీతో క్యాంపింగుకి వెళ్లేవాళ్లకి 24087 మేలు. గట్టిపడే ద్రావకం కలిపి కొట్టే రెండుభాగాల స్ప్రే రంగుల జోలికి ఇంట్లో పోవద్దు, వాటి ఆవిరికి మామూలు మాస్కులు ఆగవు. ఆయిల్ ఎనామెల్‌ని మంచి బ్రష్షుతో రెండు పూతలు వేస్తే చాలు. మిలిటరీవాళ్లూ బండ్లకి చాలాసార్లు బ్రష్షుతోనే వేసేవారు.

500 పౌండ్ల లెక్క

ఇప్పుడు టెంటు గురించి మాట్లాడొచ్చు. కాగితం తీసుకుని నాతోపాటు రాయండి. పైన తెరుచుకునే టెంటు 130 పౌండ్లు. దాన్ని మోసే ఇనుప ఫ్రేము 60. నీళ్లు పది గ్యాలన్లు డబ్బాలతో 95. లిథియం బ్యాటరీ 30. ఫ్రిజ్, అందులో తిండితో 75. గ్యాస్ సిలిండరు, స్టవ్ 45. స్టెప్నీ 65. కూడితే సరిగ్గా 500. ఇంకా ఒక్క కుర్చీ కూడా పెట్టలేదు. గిన్నెలు, కుక్కర్, బియ్యం, దుప్పట్లు, పనిముట్ల పెట్టె అన్నీ కిందే ఉన్నాయి.

కొత్త ఇరుసు 3,500 మోస్తుంది కదా అంటారు. ఇరుసు మోస్తుంది. నొగా, కమాన్లూ, వాటి బ్రాకెట్లూ అరవైలలో 500కి చేసినవే. కాబట్టి నేను టెంటు ట్రైలర్ మీద పెట్టడం మానేశాను. నేలమీద వేసుకునే టెంటు 20 పౌండ్లు, ఫ్రేము అక్కర్లేదు. 170 పౌండ్లు మిగిలాయి, వంటిల్లు మొత్తం అందులో పట్టింది. ఆరేడు అడుగుల ఎత్తున బరువు లేదు కాబట్టి పక్కవాలులో గుండె దడ కూడా తగ్గింది.

బరువు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం నొగ మీద పడాలి. అంతకన్నా తక్కువైతే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. కొలవడానికి బాత్రూం తూకం చాలు. సమతలం మీద సామాను నిండిన ట్రైలర్ నిలిపి, లూనెట్ రింగు కింద నిలువుగా ఒక కర్రముక్క, దాని కింద తూకం పెట్టండి. నొగ ఎత్తు లాగేటప్పుడు ఉండేంతే ఉండాలి. నాది మొత్తం 1,080 పౌండ్లు, నొగ మీద 125 వచ్చింది. మొదట 70 చూపిస్తే నీళ్ల డబ్బాలు రెండూ ముందుకి జరిపాను.

మొదటి ప్రయాణం

దూరం పోకండి. మాకు నాలుగైదు గంటల దూరంలో అర్కాన్సా, ఓక్లహోమా సరిహద్దున వాషిటా నేషనల్ ఫారెస్ట్ ఉంది. టాలిహినా నుంచి మీనా దాకా 54 మైళ్ల కొండమీది రోడ్డు, దాని పక్కల కంకర అడవిదారులు. నేషనల్ ఫారెస్టుల్లో చాలాచోట్ల ఫీజు లేకుండా 14 రోజుల దాకా గుడారం వేసుకోవచ్చు. ఏ దారిలో బండ్లు పోవచ్చో చూపే మ్యాపు ఫారెస్ట్ సర్వీస్ ఉచితంగా ఇస్తుంది.

బయల్దేరిన 50 మైళ్లకి ఆగి రెండు పనులు చేయండి. చక్రాల నట్లు మళ్లీ బిగించండి, కొత్తగా వేసినవి సర్దుకుని వదులవుతాయి. హబ్‌ల మీద చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉండొచ్చు, చెయ్యి తీసేసేంత వేడి ఉండకూడదు. అసలు సంగతి రెండిటినీ పోల్చడం. నాకు ఎడమది కుడిదానికన్నా బాగా వేడిగా తగిలింది. గ్యాస్ స్టేషన్ పక్కనే జాకీ ఎక్కించి చూస్తే నట్టు ఒక గాటు బిగువుగా ఉంది. పది నిమిషాల పని.

వెనక్కి నడపడం విడిగా సాధన చేయాలి. పొట్టి ట్రైలర్ రెప్పపాటులో మడత పడుతుంది, పైగా అద్దాల్లో కనపడదు. స్టీరింగ్ అడుగున ఒక చెయ్యి పెట్టండి. ట్రైలర్ ఏవైపు పోవాలో చెయ్యి ఆవైపే జరపాలి, అంగుళం చొప్పున. కుదరకపోతే పరువు గురించి ఆలోచించకుండా కొక్కెం ఊడదీసి చేత్తో తిప్పుకోండి.

ఆ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. రాత్రి తిండి, చెత్త, తోమని గిన్నెలు ట్రైలర్‌లో వదలొద్దు, కారులో పెట్టి తాళం వేయండి. మన పోపు వాసన ఎంతదూరం పోతుందో ఎలుగుకి మనకన్నా బాగా తెలుసు.

ఇంటికొచ్చాక తొట్టి కడిగి, నొగ ఎత్తిపెట్టి, బిరడాలు తీసి ఆరనివ్వండి. మొన్న కడిగినప్పుడు బురదనీళ్లతో పాటు రెండు కరివేపాకు రెబ్బలు, ట్రిప్పంతా వెతికిన కాటర్ పిన్ను బయటికొచ్చాయి.